బాలికలును రంగస్థలమును

మన యిండ్లలో నటనాసక్తి గల పిల్లలకు కొదువ లేదు. బామ్మ నడకను, పాలవాని కేకను, పంతులమ్మ కోపమును ఉన్నదున్నట్లు చేసి చూపి యింటిల్లిపాదిని నవ్వించు చిన్నది ప్రతి వీధిలోను నొకతె యుండును. ఎనిమిదేండ్ల ప్రాయమున దాని యాటలు చూచి మురిసెదము. చుట్టములు వచ్చినప్పుడు మరల చేయుమని బలవంతపెట్టెదము. అదే పిల్ల పదునైదేండ్లు వచ్చి, ఊరి నాటకమున వేషము వేసెదనని యడుగగనే మన ముఖములు మారిపోవును. పరీక్షలనియు, ప్రొద్దుపోవుననియు, నలుగు రేమనుకొందురో యనియు సాకులు చెప్పుదుము. ఈ సాకులలో కొన్ని నిజమైన కష్టములే. వానిని తీర్చు మార్గమును గూర్చి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

తెలుగు నాటకము తొలినాళ్లలోనే విద్యార్థుల చేతికి వచ్చినది. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 'వ్యవహార ధర్మబోధిని'ని తమ శిష్యులచేతనే ఆడించిరి. అయితే వేషములు వేసినవారు బాలురు. తరువాత చిరకాలము స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. స్థానం నరసింహారావుగారి సత్యభామ కళకు మేమును చేతులెత్తి మ్రొక్కుదుము. కాని ఆ యేర్పాటువలన ఆడపిల్లకు రంగముమీద చోటు లేకపోయెను. చోటే లేనివారికి అభ్యాస మెక్కడిది? బళ్లారిలో న్యాయవాదిగనుండి నటులలో నగ్రగణ్యులైన రాఘవగారు (1880–1946) ఆడువేషములను ఆడువారే వేయవలెనని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను తమ సరసన నిలిపిరి.

ఈ చిక్కు లేనివారు సురభివారు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున నొక వివాహ సందర్భమున వనారస గోవిందరావుగారు తమవారితో 'కీచకవధ' ప్రదర్శించిరి. అంతకుమున్ను తోలుబొమ్మలాటతో జీవించిన కుటుంబ మది. వారిలో స్త్రీలే స్త్రీపాత్రలు ధరించిరి. అచ్చట బిడ్డను నాటకములో చేర్చుట యను మాటయే లేదు. తల్లి రంగముమీద నుండగా బిడ్డ తెరవెనుక నిదురించును. మాటలు రాకమునుపే పద్యములు చెవిని బడును. నడక కుదురగనే బాలకృష్ణుడో, లవుడో, కుశుడో యగును. వేషము లేనినాడు తెర లాగవలెను, దుస్తు లందీయవలెను, మాయాబజారు వింతలకు త్రాళ్లు పట్టవలెను. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయిగారు ఈ బడిలో చదువుకొన్నవారే. తల్లి నటించుచుండగా రంగముమీదనే ఆమె పుట్టినదని కథగా చెప్పుకొందురు. సురభివారి బ్రతుకు సుఖమైనదని మే మనము; ఊరూరు తిరుగు బిడ్డకు అక్షరములు నేర్చుట ఎంత కష్టమో తల్లులకు చెప్ప నక్కరలేదు. కాని చిన్న పాత్ర, నిత్యము చూచు వీలు, ప్రక్కన తల్లి – ఈ మూడును ఆ బిడ్డకు అడుగకయే దొరకినవి.

కళాకుటుంబమున పుట్టని పిల్లలకు తలుపు తెరచినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, అక్కయ్య యని పిల్లలు పిలుచుకొన్న వీరు 1940లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, రేడియోలో పిల్లల నాటకములను పిల్లలచేతనే పలికించిరి. రేడియో నాటకమున రంగు లేదు, నగ లేదు, తేరిపార చూచువారు లేరు. గొంతుక యున్న చాలును. బిడియపడు పిల్లకు ఇంతకంటె మంచి తొలిమెట్టు మాకు తోచదు.

నేడు విద్యాలయములకు కొరత లేదు. ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయము 1959 నుండి యున్నది; హైదరాబాదు విశ్వవిద్యాలయమున రంగస్థల కళల శాఖ కలదు. కాని ఢిల్లీలో చేరుటకు పట్టభద్రురాలై యుండుట చాలదు. అంతకుముందే కొన్ని నాటకములందు పాల్గొనియుండవలెను. కాకినాడ పిల్లయో, కరీంనగరము పిల్లయో ఆ 'కొన్ని నాటకములు' ఎక్కడ ఆడవలెను? ఊరి నాటకసమాజములలోనివారు పగలు ఉద్యోగములు చేయువా రగుటచే రిహార్సలు తరచుగ చీకటిపడిన పిమ్మటనే మొదలగును. ప్రతిభ లేక కాదు, ఇంటికి చేర్చు బస్సు లేక నాటకము మానుకొన్న పిల్లలున్నారు.

కనుక ఆదివారము పగటివేళ రిహార్సలు పెట్టుడని సమాజమువారి నడుగుటకు తల్లులు సంకోచింపరాదు. ఇద్దరు ముగ్గురు బాలికలను కలిపి పంపి, వంతులవారీగ నొక తల్లి తోడు పోవచ్చును. పోయి ఊరక కూర్చుండనేల? పుస్తకము చేతబట్టి మాట లందించు పని ఆమెయే చేయవచ్చును. తొలిసారియే నాయిక వేషము కోరవద్దు. చెలికత్తెకు రెండే మాటలున్నను రిహార్సలంతయు చూచు భాగ్యము గలదు. రాగము తీయలేని పిల్లకు పద్యనాటకము కంటె సాంఘిక నాటిక మేలు. బడి వార్షికోత్సవములలో ఏటేట ఆ నలుగురికే వేషము లిచ్చు నలవాటు మాత్రము మాకు బొత్తిగ నచ్చదు. గొంతు పెగలని పిల్లకే బడి రంగము ముందుగ కావలెను. ఖర్చుకు వెరవ నక్కరలేదు. పెట్టెలోని పట్టుచీర, అట్టముక్కతో చేసి బంగారుకాగితము నంటించిన కిరీటము తొలి నాటకమునకు చాలును.

ప్రదర్శననాడు పిల్లకు పెందలకడ అన్నము పెట్టి పంపుడు. ముఖమునకు రంగు పూసిన పిమ్మట ముద్ద నోట బెట్టనీయరు.