ఎక్కానికి ముందు కార్డు

కృత్య కార్డు అంటే ఒక్క పనిని మాత్రమే చెప్పే చిన్న అట్టముక్క. ముందువైపు బొమ్మ, చేయాల్సిన పని ఒకటి రెండు వాక్యాల్లో ఉంటాయి. వెనకవైపు సరిచూసుకోవడానికి జవాబు ఉంటుంది. 2, 3 తరగతుల్లో గుణకారం మొదలయ్యేటప్పుడు ఇలాంటి కార్డులను ఒక వరుసలో వాడితే, ఎక్కాలు నోటికి రాకముందే వాటి అర్థం పిల్లలకు చేతులతో చేస్తుండగానే తెలిసిపోతుంది.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఈ పద్ధతి అవసరం మరీ ఎక్కువ. చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల్లో కోయ గూడేలు చిన్నవి. పిల్లలు తక్కువగా ఉన్న గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో ఒకటి నుంచి అయిదు తరగతుల దాకా ఒకే టీచరు చూసుకోవాల్సి వస్తుంది. ఆ టీచరు ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తున్నంతసేపూ మూడో తరగతికి పని ఉండదు. కార్డు ఉంటే పిల్లలు తామెక్కడున్నారో తామే చూసుకుని పని మొదలుపెట్టగలరు.

తెలుగునాట ఈ పద్ధతి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో రూపు కట్టింది. 1980ల చివర చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడుల కోసం వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న కృత్యాలుగా విడగొట్టి కార్డులు చేశారు. గోడ మీది నిచ్చెన పటంలో ఒక్కో మెట్టుకు పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం కార్డులుంటాయి. తడబడినవారికి మళ్లీ చేసేవి, ముందున్నవారికి అదనపువి వేరుగా ఉంటాయి. కర్ణాటకలో 1995లో మొదలైన నలి-కలి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధన ఈ దారిలోనివే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ చిన్న తరగతులకు స్నేహబాల కార్డులు వచ్చాయి.

గుణకారంలో మొదటి మెట్టు సమాన గుంపులు. దీనికి అడవి ఊళ్లలో సామగ్రి కొనక్కర్లేదు. మోదుగ కాడకు ఎప్పుడూ మూడే ఆకులు. నాలుగు కాడలు తెచ్చి ఆకులు లెక్కపెట్టమని మొదటి కార్డు చెబుతుంది. రెండో కార్డు అదే పనిని బొమ్మగా గీయించి 3+3+3+3 అని రాయిస్తుంది. మూడోది దాన్ని 4×3గా కుదిస్తుంది. వస్తువు, ఆ తర్వాత బొమ్మ, చివరికి గుర్తు అనే ఈ క్రమాన్ని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో వివరించాడు. గుర్తుతో మొదలుపెట్టిన తరగతిలో 4×3కు 7 అని రాసే పిల్లలు కనిపించడానికి ఒక కారణం, వస్తువునూ బొమ్మనూ దాటవేయడమే.

ఈ మెట్టులోనే ఒక మెలిక కార్డు కూడా ఉండాలి: మూడు కుప్పల్లో 4, 4, 3 చింతపిక్కల బొమ్మ వేసి, ఇక్కడ గుణించవచ్చా అని అడగాలి. గుంపులు సమానం కానప్పుడు గుణకారం చెల్లదని పిల్లలు పట్టుకునేది ఇక్కడే.

రెండో మెట్టు వరసలు. చింతపిక్కలను నాలుగు వరసల్లో మూడేసి చొప్పున పలక మీద పేర్చి, పలకను పక్కకు తిప్పితే మూడు వరసల్లో నాలుగేసి కనిపిస్తాయి. మోదుగ కాడలు నేర్పింది నాలుగు మూళ్లు. మూడో ఎక్కంలో చదివేది మూడు నాలుగులు. రెండూ పన్నెండే అని తేలాక నేర్వాల్సిన ఎక్కాల బరువు దాదాపు సగానికి తగ్గుతుంది.

మూడో మెట్టు ఎక్కాలు. వీటిని అంకెల వరసలో కాక తేలిక వరసలో ఇవ్వడం మేలు: ముందు 2, 10, 5, తర్వాత 3, 4, ఆ తర్వాత మిగిలినవి. పెద్ద ఎక్కాలకు విడగొట్టే కార్డులు పనికొస్తాయి. ఏడు ఆర్లు గుర్తురాకపోతే అయిదు ఆర్లు ముప్పై, రెండు ఆర్లు పన్నెండు, కలిపితే నలభై రెండు. చదివి అప్పజెప్పడం అప్పుడూ ఉంటుంది, కానీ మరిచిపోయిన చోట తిరిగి కట్టుకునే దారి పిల్లల దగ్గరే ఉంటుంది.

చివరి మెట్టు మాటల లెక్కలు. వేసవిలో ఇంటిల్లిపాదీ తునికాకు సేకరణకు వెళ్లే ఊళ్లలో లెక్కలు కల్లంలోనే దొరుకుతాయి. కట్టకు 50 ఆకులు. 2 కట్టలకు ఎన్ని, 10 కట్టలకు ఎన్ని? వెయ్యి కట్టల స్టాండర్డ్ బ్యాగులో 50,000 ఆకులన్న లెక్క పై తరగతుల కార్డుకు సరిపోతుంది.

ఇక్కడ భాష అడ్డు వస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు లెక్క తెలిసినా ‘చొప్పున’, ‘రెట్లు’ వంటి తెలుగు మాటల దగ్గర ఆగిపోవచ్చు. 2004లో ఉమ్మడి రాష్ట్రం మొదలుపెట్టిన మాతృభాషా విద్యలోని ఎనిమిది గిరిజన భాషల్లో కోయ ఒకటి. తొలి కార్డుల్లో వాక్యం తగ్గించి బొమ్మ పెంచడం, పని ఏమిటో పెద్ద తరగతి పిల్లల చేత కోయలో చెప్పించడం ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి.

కార్డుల తయారీకి పెళ్లిపత్రికల అట్ట, స్కెచ్ పెన్నులు చాలు. మెట్టుకో రంగు, కార్డుకో సంఖ్య వేస్తే పోయినది ఏదో వెంటనే తెలుస్తుంది. కార్డు పంచడంతో టీచరు పని తీరదు. కొత్త మెట్టు పరిచయం, మూల్యాంకనం టీచరు ఎదుటే జరగాలి. వెనకవైపు జవాబు చూసి రాసేసినవారు అప్పుడే బయటపడతారు.

2021లో కేంద్రం ప్రకటించిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు తేలికపాటి గుణకార లెక్కలు చేయాలి. తెలంగాణ 2022లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ ఇలాంటి కనీస సామర్థ్యాలే. వాటిని తేల్చుకోవడానికి మూల్యాంకన కార్డులో ఒక్క ప్రశ్న చాలు: 4×6 అని ఇచ్చి, దానికి సరిపోయే లెక్క ఒకటి సొంతంగా చెప్పమనాలి. చెప్పినవారు పై మెట్టుకు వెళతారు. చెప్పలేనివారికి ఎక్కం మళ్లీ వల్లె వేయించడం కాదు, చింతపిక్కల వరసల కార్డు మళ్లీ ఇవ్వాలి.