పసిబిడ్డ స్నానం: నూనె, నలుగు, సబ్బు

నెలలు నిండి పుట్టిన బిడ్డ చర్మం చూపుకు సంపూర్ణంగానే కనిపించినా, ఉమ్మనీటిని వదిలి గాలిలో బతకడానికి కావలసిన కట్టుదిట్టం దానికి పుట్టిన తరువాతనే కొద్దికొద్దిగా సమకూరుతుంది. చర్మం పైభాగాన మృతకణాలూ కొవ్వు పదార్థాలూ కలిసి ఏర్పడే పొరను వైద్యులు స్ట్రేటమ్ కార్నియమ్ అంటారు. ఒంటిలోని తేమ ఆరిపోకుండా, బయటి సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా కాపాడే ఈ పొర పసిపిల్లల్లో పెద్దవారి కంటే పలుచగా ఉంటుంది. పైగా బరువుతో పోల్చి చూస్తే పసివారి ఒంటి వైశాల్యం ఎక్కువ కనుక, చర్మానికి పూసినది రక్తంలో చేరే అవకాశమూ వారిలో ఎక్కువే.

ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ మానంలో 7 తటస్థం కాగా, పుట్టిన బిడ్డ చర్మం దానికి దగ్గరగా ఉండి, కొన్ని వారాల్లో 5.5 ప్రాంతానికి దిగి ఆమ్లగుణాన్ని సంతరించుకుంటుంది. హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచేది ఈ ఆమ్లగుణమే. మామూలు ఒంటిసబ్బు పీహెచ్ 9, 10 వరకూ ఉంటుంది కాబట్టి, రోజూ బిడ్డ ఒళ్లంతా నురగ పట్టించి రుద్దడం వల్ల ఆ ఏర్పాటుకు పదేపదే భంగం కలుగుతుంది. పుట్టిన బిడ్డ ఒంటిని అంటుకుని ఉండే తెల్లని జిడ్డు, వెర్నిక్స్, కూడా రక్షణ కవచమే. తొలి స్నానాన్ని కనీసం 24 గంటలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి బిడ్డ ఒళ్లు చల్లబడకుండా చూడటంతో పాటు ఇదీ ఒక కారణం.

తెలుగు ఇళ్లలో బిడ్డకు లాల పోయడం ఒక విద్య. పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నూనెతో ఒళ్లు మర్దించే పద్ధతిలో తప్పుపట్టవలసినది ఏమీ లేదు, మెచ్చుకోవలసినదే ఎక్కువ. బంగ్లాదేశ్‌లో 33 వారాలకు ముందే పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూసినప్పుడు ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గినట్లు 2005లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. చర్మపు పొరకు అవసరమైన లినోలియిక్ ఆమ్లం ఆ నూనెలో సమృద్ధిగా ఉంటుంది. కొబ్బరి నూనె కూడా మంచిదే. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం పసిచర్మానికి అంతగా పనికిరావు.

చిక్కంతా నూనె తరువాత వచ్చే నలుగుతోనే. శనగపిండిలోనో పెసరపిండిలోనో పసుపు కలిపి, తడి ముద్దను నుదుటి మీద, భుజాల మీద, వీపు మీద దొర్లించి నూగు ఊడదీయడం చాలా ఇళ్లలో ఆచారం. ఆ నూగు కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది. రాలేది అమ్మమ్మ చేతి చలవ వల్లనేనన్న నమ్మకం మాత్రం తరతరాలుగా రాలలేదు. పిండి ముద్దతో పాటు పలుచని రక్షణ పొర కూడా గీరుకుపోతుంది, మెడ ముడతల్లో, చంకల్లో మిగిలిన పిండి తడిసి ఒరుపు పుట్టిస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, రొమ్ములు పిండటం అంతకంటే ప్రమాదకరం: ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు, పిండిన రొమ్ము చీము పట్టవచ్చు. సాంబ్రాణి పొగ లేత శ్వాసనాళాలకు పడదు. కర్పూరం కలిపిన నూనె వల్ల మూర్ఛలు రావచ్చు.

గోరువెచ్చని నీళ్లతో అయిదు నుంచి పది నిమిషాల స్నానం, అవసరమైన చోట మాత్రమే సువాసన లేని మృదువైన క్లెన్సర్, ఆ వెంటనే మెత్తని గుడ్డతో అద్ది ముడతలన్నీ పొడిగా చేయడం సరిపోతాయి. పౌడరు అక్కర్లేదు, గాలిలో లేచే దాని రేణువులు ఊపిరితో లోపలికి పోతాయి. వేసవిలో మెడ మీద, వీపు మీద లేచే చెమటకాయలకు పలుచని నూలు చొక్కా, గాలి తగిలే గది చాలు. డైపర్ వల్ల వచ్చే ఒరుపుకు తరచుగా మార్చడం, కొంతసేపు గుడ్డ లేకుండా ఉంచడం, జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం ఉపకరిస్తాయి.

తొలి రోజుల్లో ఎర్రని మచ్చల మధ్య చిన్న గింజల్లా లేచే పొక్కులు బిడ్డ హుషారుగా పాలు తాగుతున్నంత వరకు సాధారణంగా వాటంతట అవే మాయమవుతాయి. చీము పొక్కులు లేచినా, బొడ్డు చుట్టూ ఎర్రబారినా, జ్వరం వచ్చినా, బిడ్డ పాలు మానినా ఆ రోజే వైద్యునికి చూపించాలి.