జయాపజయములు లేని యాట: ఒక రసవిచారము

పూతలపట్టు చిత్తూరునకు ఉత్తరమున, తిరుపతికి బోవు మార్గమున నున్న యూరు. ఆ ప్రాంతమున తెలుగును తమిళమును తఱచుగా నొకే యింట, నొకే పూట వినవచ్చును. ఊరిపేరే యింటిపేరుగా గల పూతలపట్టు శ్రీరాములురెడ్డిగారు కంబరామాయణమును తెనిగించి ఈ యిరుగుపొరుగుతనమును సారస్వతమున నిలిపినవారు. ఇట్టి సీమలోని పండితులు విచారింపదగిన ప్రశ్న యొకటి యిటీవల పుట్టినది. కెనడాదేశమున టొరంటోనగరమునందు నిర్మింపబడి, 2023 జూలైలో వెలువడిన 'వెణ్బా' యను వీడియోక్రీడ ఆడదగినదా, కాదా?

ప్రశ్న పైకి చులకనగా దోచును. ఆ క్రీడలో శత్రువులు లేరు, ఆయుధములు లేవు, లెక్కకు వచ్చు గెలుపు లేదు. 1988 నాటికి కెనడా చేరియున్న తమిళదంపతులు, వారికి బుట్టిన కుమారుడు, తల్లిగారింటినుండి వచ్చిన శిథిలమైన వంటలపుస్తకము, ఇంతే వస్తువు. గంటయో గంటన్నరయో గడచునప్పటికి కథ ముగియును. 'ఇది యాటయా, బొమ్మలకథయా?' యని యడుగువారికిని, 'పిల్లలను బడినుండి చెఱచు వస్తువులలో నిదియు నొక్కటి' యని త్రోసివేయువారికిని సమాధానము చెప్పవలెనన్నచో, ఆటను గూర్చి మన పెద్దలు ఏమనిరో ముందు చూడవలెను.

నిందయే యెక్కువ. ఋగ్వేదము పదవమండలమున ముప్పదినాలుగవసూక్తము జూదరి విలాపము. నలుని కథయు, ధర్మరాజు కథయు ఎల్లరెఱిగినవే. తిరుక్కుఱళ్ తొంబదినాలుగవ యధికారమంతయు జూదమునకే కేటాయింపబడినది. అందు గెలుపే చేపకు దొరకిన గాలపుటెఱవంటిదని హెచ్చరిక. మనువు తొమ్మిదవ యధ్యాయమున ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతమనియు, ప్రాణులతో నాడించునది సమాహ్వయమనియు విభజించి రెంటిని నిషేధించెను. అయినను వాత్స్యాయనుడు అఱువదినాలుగుకళలలో ద్యూతవిశేషములను, బాలక్రీడనకములను చేర్చుట మానలేదు. నిషేధమునకు మూలము ఆట గాదు, పణము. నేటి శాసనములును ఈ మార్గముననే నడచినవి. ఆంధ్రప్రదేశప్రభుత్వము 1974 నాటి జూదనిషేధచట్టమును 2020లో సవరించి పణమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించెను. 2025లో పార్లమెంటు చేసిన చట్టమును ధనక్రీడలనే నిషేధించి తక్కిన యాటలను విడిచిపెట్టినది. కావున వెణ్బావంటి క్రీడపై ద్యూతదోషము మోపుట కుదరదు. దానిని వేఱొక త్రాసున దూచవలెను.

ఆ త్రాసు నాట్యశాస్త్రముననే కలదు. ప్రథమాధ్యాయమున ఇంద్రాదులు బ్రహ్మకడకు బోయి యడిగినది శాస్త్రమును గాదు, ధర్మబోధను గాదు. దృశ్యమును శ్రవ్యమును నగు నొక క్రీడనీయకమును, అనగా ఆటవస్తువును. నాట్యమంతయు ఆ కోరికకు ఫలము. ఆటవస్తువై పుట్టిన నాట్యము పంచమవేదమైనది గాన, ఆటవస్తువగుట యొక్కటియే కళాత్వమునకు బాధకము గాజాలదు. అయినను భేద మొకటి కలదు. నాట్యమున సహృదయుడు చూచును, వీడియోక్రీడలో చేయును. నటుడును ప్రేక్షకుడును ఒక్కడే యైనప్పుడు రసమెవ్వరికి?

ఈ సందేహమునే 2010లో అమెరికాలోని చలనచిత్రవిమర్శకుడు రోజర్ ఈబర్టు మఱొక తీరున లేవనెత్తెను. వీడియోక్రీడలు ఎన్నటికిని కళ కాజాలవని యాతని వాదము. ఆటను గెలువవచ్చును, కావ్యమును గెలువలేము, అనుభవింపగలము, ఇదియే భేదమని యాతడు చూపెను. భారతీయాలంకారికులకు ఈ యాక్షేపము క్రొత్తది గాదు. అభినవగుప్తుడు అభినవభారతిలో చెప్పిన యేడు రసవిఘ్నములలో మూడవది నిజసుఖాదులకు వివశుడగుట. తన లాభనష్టములచే కలతపడినవాడు నాటకశాలలో గూర్చుండియు రసమును పొందడు. పందెమాడువాని మనస్సు ఎల్లప్పుడు ఈ విఘ్నముననే యుండును. గెలుపునకై తహతహలాడువాడు ఎదుటనున్న చిత్రము నెంత యందమైనదైనను చూడడు. దారిలోని మైలురాళ్లను లెక్కించు బండివానివలె సంఖ్యలనే చూచును.

అట్లయినచో గెలుపును తీసివేసిన క్రీడ లోపముగల క్రీడ గాదు; విఘ్నము తొలగిన క్రీడ. ఈబర్టు వాదము గెలుపుగల క్రీడలపై నిలుచును గాని యీ జాతిపై నిలువదు. విశేషమేమనగా, ఆతని వ్యాసము కెల్లీ శాంటియాగో యను నామె యుపన్యాసమునకు ప్రత్యుత్తరము. ఆమె భాగస్వామినిగా స్థాపించిన దట్‌గేమ్‌కంపెనీయే రెండేండ్లకు, 2012 మార్చిలో, 'జర్నీ' యను క్రీడను వెలువరించినది. ఎడారిలో నెఱ్ఱనివస్త్రము దాల్చిన బాటసారి దూరపుకొండకు బోవుటయే యందలి కథ. మాట లేదు. దారిలో మఱొక బాటసారి కానవచ్చును. అతడును ప్రపంచమున నెక్కడనో యాడుచున్న మనుష్యుడే. అతని పేరు క్రీడ ముగియువఱకు తెలియదు, అతనితో సంభాషించుటకు ఒక నాదము దప్ప సాధనము లేదు. ఒకరినొకరు తాకినచో ఇరువురికిని ఎగురుశక్తి కలుగును. మంచుకొండమీద ఆ శక్తి తఱిగి, అడుగు బరువై, నడక నిలిచిపోవును.

అలిపిరినుండి 3550 మెట్లెక్కి తిరుమలకు బోవువానికి ఇది యంతయు వ్యాఖ్యానము లేకయే తెలియును. మోకాళ్లపర్వతము కడ ఊరుపేరు తెలియని వాడెవడో చేయి పట్టి లాగును. పైకి జేరిన పిమ్మట ఆతడు కానరాడు. కొండనెక్కుటను గెలుపని యెవ్వరును అనరు. అయినను కారులో కొండకు బోయినవానికిని మెట్లెక్కినవానికిని దర్శన మొక్కటే యయ్యును, యాత్ర యొక్కటి గాదు. ఈ తేడాయే పరీక్షకు సూత్రము. విచిత్రమైన క్రీడ యాడదగినదా యని నిర్ణయించుటకు దాని చిత్రముల సొగసును గాని, సంగీతమును గాని చూడ బనిలేదు. అవి చలనచిత్రమునను దొరకును. ఆడువాని చేతిపనిని తీసివేసి చూడవలెను. తీసివేసినను కథయు భావమును చెక్కుచెదరక నిలిచినచో, అది యాటవేషము వేసికొన్న బొమ్మలపుస్తకము. చేతిపనితోపాటు భావమును కూలినచో, అది యాడియే తెలిసికొనదగినది. జర్నీలో మంచుపైని అడుగు బరువు చేతికి దెలియును. చూచువానికి తెలియునది దాని నీడ మాత్రమే.

ఈ సూత్రమును ఇంటిలోని పాతయాటపై ప్రయోగించినచో ఫలితము కొంత కటువుగా వచ్చును. వైకుంఠపాళి, పరమపదసోపానపటమను పేరున, ముక్కోటియేకాదశి జాగరణలలో నాడబడినది. చిత్రకళగా దానికి వంక పెట్టరాదు: ప్రతిగడికిని ఒక పేరు, ప్రతిపామునకు ఒక పాపము, ప్రతినిచ్చెనకు ఒక సుగుణము. కాని యాడువాడు చేయునది గవ్వలు వేయుట యొక్కటే. సద్గుణముచేత నిచ్చెన నెక్కుదురని పటము బోధించును. గవ్వచేత నెక్కుదురని యాట బోధించును. బొమ్మ యొక మాటయు, చేయి యొక మాటయు చెప్పుచున్నవి. గవ్వను ప్రారబ్ధమనుకొన్నచో విరోధము తీరునని సమాధానము చెప్పవచ్చును. అది పటమును రక్షించును గాని యాడువానిని రక్షింపదు. రాత్రి మేలుకొనుటకు ఆ యాట చాలును. అంతకు మించినది దానినుండి కోరరాదు.

ఇక వెణ్బా. నాయిక పేరే పండితులను నిలుపదగినది: వెణ్బా తమిళఛందస్సున ప్రధానవృత్తము, కుఱళ్ రచింపబడినది దాని హ్రస్వభేదముననే. భర్త పేరు పావలన్, అనగా కవి. కుమారుడు కవిన్. నిర్మాతలు పేర్లను ఊరక పెట్టలేదని దీనివలననే తెలియును.

వెణ్బా తల్లి వ్రాసిన వంటలపుస్తకము చిరిగి, సిరా చెదరి, అక్కడక్కడ వాక్యములు లోపించియున్నది. ఆడువాని పని వంట గాదు, వంటద్వారా పాఠపరిష్కరణము. ఇడ్లీల పుటలో పళ్లెముల నమరించు క్రమము తెలియదు. పళ్లెములను ఒకదానిపై నొకటి చేతికి వచ్చినట్లు పేర్చినచో ఆవిరి పైకి బోదు. రంధ్రములు ఏ పళ్లెమున ఎచ్చట నున్నవో చూచి, గుంటలు ఒకదానిపై నొకటి పడకుండ నెడమెడముగా పేర్పవలెను. బియ్యపుపిండిని కొబ్బరితురుముతో గొట్టమున కూరి యావిరిపై నుడికించు 'పుట్టు' వంటకమున, ఏది ముందు వేయవలెనో పుటలో చెడిపోయినది. గొట్టము తీరును బట్టి యూహింపవలెను. ఊహ తప్పినచో వంట చెడును, మరల మొదలిడవచ్చును.

తాళ్లపాకవారి రాగిరేకులను చదివి పరిష్కరించిన తిరుపతిసీమ పండితులకు ఈ పని పరిచితమే. గ్రంథపాతమున్నచోట పరిష్కర్త ప్రకరణమును, ఔచిత్యమును, ఛందస్సును సాక్షులుగా గొని లుప్తాక్షరముల నూహించును. వెణ్బాలో ఛందస్సునకు బదులు ఆవిరి సాక్షి. తాళపత్రపరిష్కర్తకు లేని భాగ్య మొకటి యిచ్చట కలదు: తన పాఠము సరియైనదో కాదో తినియే తెలిసికొనవచ్చును. పరిహాసమటుంచి, ఎనిమిదవ తరగతి బాలునకు 'పాఠాంతరము' అనగానేమో పలకమీద చెప్పుటకంటె ఈ యిడ్లీపుటద్వారా చెప్పుట సులభము. పుస్తకమనునది అక్షరములు మాత్రమే గాదు, దానిని వాడిన చేతుల యెఱుక గూడ నని వాని కిచ్చట స్పర్శగా తెలియును.

అయినను ఈ క్రీడ కిరీటము వేఱొకచోట నున్నది. కుమారుడు పెరిగి, ఆంగ్లముననే బదులిచ్చుటకు అలవాటుపడి, తమిళమును సగమే చదువగలవాడగును. ఒక యధ్యాయమున ఆడువాడు తల్లిగా గాక ఆ కుమారుడుగా వంటయింట నిలువవలసివచ్చును. అదే పుస్తకము, అదే లిపి. కాని పుటనుండి యిప్పుడు వెలువడునది కవిన్‌కు తెలిసినంత యర్థము మాత్రమే. అంతకు ముందు తల్లి చేతులతో నిశ్చింతగా చేసిన వాడు ఇప్పుడు తడబడును. చలనచిత్రమున నైనచో తడబడు కుమారుని జూచి ప్రేక్షకుడు జాలిపడును. ఇచ్చట జాలిపడుటకు వ్యవధి లేదు, తడబడునది తన చేయియే. చేతిపనిని తీసివేసినచో ఈ యధ్యాయమున మిగులునది శూన్యము. సూత్రమునకు ఇంతకంటె నిండైన యుదాహరణము దొరకుట కష్టము.

చిత్తూరుమండలమునకు ఈ తడబాటు దూరదేశపు వింత గాదు. 1960 ఏప్రిలు 1న తిరుత్తణితాలూకా మద్రాసురాష్ట్రమున చేరినది. ఆ ప్రాంతపు తెలుగిండ్లలో తాత వ్రాసికొన్న పద్దుపుస్తకమును మనుమడు చదువలేకుండుట నేటికిని చూడనగును. 2006 నాటి తమిళాభ్యసనచట్టము పిమ్మట బడిలో తమిళము నిర్బంధమగుటతో తెలుగులిపికి చోటు మఱింత తగ్గినది. అమెరికాలో బెరుగుచున్న మన పిల్లల సంగతి చెప్పనక్కఱలేదు. ఇంట మాటాడుభాష యొకటి, చదువగలభాష యొకటి యైనవారు పెక్కండ్రు. వారి స్థితిని గూర్చి యుపన్యాసములు విన్నవారు గలరు. దానిని గంటసేపు తామే పొందినవారు అరుదు.

దోషములును కలవు. వంటకును వంటకును నడుమ సంభాషణలలో ఆడువాడు ఎన్నుకొను మాటలవలన కథ పెద్దగా మాఱదు. అచ్చట క్రీడ బొమ్మలపుస్తకమే. వంటలు కొలదియే, పుటలు మఱికొన్ని యుండినచో బాగుండునని ముగియునప్పటికి తోచును. కష్టమైన చిక్కుముడులను కోరువారికి, చతురంగమున నారితేరినవారికి ఇది పసిపిల్లల యాటగా గనబడుట సహజము. అట్టివారు దీనికై వ్యయపడకుండుటయే మేలు. 2024లో స్వతంత్రక్రీడోత్సవమున మహాబహుమానమును, బ్రిటిషు అకాడమీవారి ప్రథమకృతిపురస్కారమును దీనికి వచ్చినవన్నది ఎన్నికకు సహాయపడును గాని, బహుమానము చూచి కావ్యమును మెచ్చుట మన సంప్రదాయము గాదు.

కావున పూతలపట్టుసీమలోని బడిపండితుడు దీనిని ఆడదగును. తాను ముందు ఒంటరిగా నాడి, పిమ్మట తరగతిలో తెఱపై చూపుచు, ఇడ్లీపుటకడ నిలిపి, చెడిన వాక్యమును బాలురచేత పూరింపజేయవలెను. ఇంటినుండి అవ్వ పేరటి వంటకమొకటి వ్రాయించి, దానిలో నొక వాక్యమును చెఱిపి, ప్రక్కవానికిచ్చి చదివింపవలెను. కవిన్ యధ్యాయమును మాత్రము తెఱపై చూపరాదు. దానిని ప్రతిబాలుడును తన చేతితోనే యాడవలెను.