ప్లాస్టిక్‌కు ఎండ దెబ్బ: పసుపు, కరక్కాయ, జీడి నూనె పనికొస్తాయా?

పోయినేడాది మా మిరపలో జరిగిన సంగతి ముందు చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వస్తాను. వీడియోలో షీటు ముక్కల్ని చేత్తో నలిపి చూపించాను, ఒకసారి చూడండి.

మాకు ఎకరన్నర మిరప. కలుపు కూలి భరించలేక అరెకరంలో మల్చింగ్ షీటు పరిచాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాడివి నీకు ప్లాస్టిక్ ఏంటి అంటారు, నాకు తెలుసు. ఆ ఏడు ఆచ్ఛాదనకు వరిగడ్డి దొరకలేదు, దొరికిన కాస్తా గేదెలకే చాల్లేదు. అమ్మినతను "ఇది బయో షీటండి, పంట అయిపోయాక దానంతటదే మట్టిలో కలిసిపోతుంది" అన్నాడు. నమ్మాను. మొక్క నాటిన తొంభై రోజులకే, ఇంకా కాయ కోత మొదలవకముందే, షీటు అప్పడంలా విరగడం మొదలైంది. పగుళ్లలోంచి తుంగ లేచింది. ముక్కలు ఏరడానికి నలుగురు మనుషులకి రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ దున్నితే గోరంత ముక్కలు పైకి వస్తున్నాయి. అవి కలిసిపోలేదండి, చిన్నవయ్యాయి అంతే.

అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. ప్లాస్టిక్ ఎండకు ఎందుకు పాడవుతుంది? దాన్ని ఆపడానికి మన దగ్గరున్న చెట్టూ చేమా ఏమైనా పనికొస్తుందా?

ఆవకాయలో పప్పునూనె ఎందుకు పోస్తారో గుర్తు చేసుకోండి. నువ్వుల నూనె నిలవుంటుంది. అదే అవిసె నూనె సీసా తెరిచి పెడితే త్వరగా కంపు కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెను పట్టుకుని, ఒక అణువును పాడుచేస్తే అది పక్కదాన్ని పాడుచేస్తూ, అంటురోగంలా సాగిపోతుంది. నువ్వుల నూనెలో సెసమాల్, సెసమోలిన్ లాంటి సహజ పదార్థాలు ఉండి ఆ గొలుసును మధ్యలో తెంపేస్తాయి. పాలిథీన్‌లో జరిగేదీ దాదాపు ఇదే. అది కూడా కర్బనం, హైడ్రోజన్ పొడుగాటి గొలుసే కదా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దెబ్బ కొడితే ఎక్కడో ఒక లంకె తెగుతుంది. ఆక్సిజన్ అక్కడ దూరుతుంది. గొలుసులు పొట్టివవుతాయి. పొట్టి గొలుసుల ప్లాస్టిక్ సాగదు, విరుగుతుంది.

కాబట్టి కాపాడే మార్గాలు రెండు. ఒకటి, ఎండను లోపలికి రానీయకుండా మింగేసేది. రెండోది, మొదలైన అంటును మధ్యలో తెంపేది. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

మొదటి దానికి మన పొలంలోనే ఉదాహరణ ఉంది. డ్రిప్ పైపు నల్లగా ఎందుకుంటుంది? అందులో కార్బన్ బ్లాక్, అంటే చాలా సన్నటి మసి కలుపుతారు. నీటి సరఫరాకు వాడే హెచ్‌డీపీఈ పైపులకు ఐఎస్ 4984 ప్రమాణం ప్రకారం ఇది దాదాపు 2.5 శాతం ఉండాలి. ఆ కొద్ది మసే పైపును ఏళ్ల తరబడి ఎండలో నిలబెడుతుంది. అయితే ఊక బూడిద కలిపేస్తే సరిపోతుందని అనుకోకండి. ఆ మసి రేణువులు నానోమీటర్లలో ఉంటాయి, ప్లాస్టిక్ అంతటా సమంగా పరుచుకోవాలి. గడ్డలు కడితే ఆ గడ్డ దగ్గరే పైపు పగులుతుంది.

రెండో దానికి ఎక్కువగా వాడేవి ఫ్యాక్టరీలో తయారైన ఫీనాల్ జాతి రసాయనాలు. చెట్లు కూడా ఇదే జాతి పదార్థాలు చేసుకుంటాయి, వాటికీ రోజంతా ఎండే కదా. ఇందులో బాగా నిరూపణ అయినది విటమిన్ ఇ. మోకాలి, తుంటి కీళ్ల మార్పిడిలో పెట్టే పాలిథీన్ ముక్క ఒంట్లో ఏళ్లపాటు ఆక్సీకరణ చెందకూడదు. 2007 ప్రాంతం నుంచి అందులో విటమిన్ ఇ కలిపినవి వాడుకలోకి వచ్చాయి. మనిషి ఒంట్లో పనిచేస్తోందంటే చిన్న విషయం కాదు. షీటుకు వాడాలంటే ధరే అడ్డం.

ధర తక్కువలో దొరికేది లిగ్నిన్. కట్టెకు గట్టితనం ఇచ్చేది అదే. కాగితం మిల్లుల్లో గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవంలో గుట్టలుగా ఉంటుంది, చాలావరకు పొయ్యికే పోతుంది. లిగ్నిన్ ఎండనూ మింగుతుంది, అంటునూ తెంపుతుంది. రంగు మాత్రం గోధుమ, నలుపు. మల్చింగ్ షీటుకు అది లోపం కాదు, నలుపే మనకు కావాలి. ఇంకొకటి మన శ్రీకాకుళం జిల్లా పలాస వైపు బాగా తెలిసినది, జీడిపిక్కల తొక్క నూనె. చేతికి తగిలితే బొబ్బలెక్కే నూనె అది. పడవలకు, కలపకు పూసేవారు. అందులోని కార్డనాల్ కూడా ఫీనాలే. రబ్బరు, ప్లాస్టిక్‌లో యాంటీ ఆక్సిడెంట్‌గా పరిశోధకులు దాన్ని పరీక్షిస్తున్నారు. పీవీసీ సంగతి వేరు. అది వేడికి ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే దాన్ని ఇంకా పాడుచేస్తుంది. సోయా నూనెను కొంచెం మార్చి తయారుచేసే ఎపాక్సీ నూనె ఆ ఆమ్లాన్ని పట్టేస్తుంది, పీవీసీని మెత్తగానూ ఉంచుతుంది. ఇది పరిశోధన కాదు, ఫ్యాక్టరీలు రోజూ వాడుతున్నదే.

మరి పసుపు? నేను మొదట ఆశ పెట్టుకున్నది దీని మీదే. ఇంట్లో చేసి చూశాను.

పావు లీటరు నీళ్లు, 25 గ్రాముల కర్రపెండలం పిండి, 8 గ్రాముల గ్లిజరిన్ కలిపి సన్న మంట మీద గంజిలా చిక్కబడేదాకా తిప్పాను. స్టీలు పళ్లెంలో పలచగా పోసి నీడన ఆరబెడితే రెండు రోజులకు కవరులాంటి పొర లేచింది. ఇదే పిండితో చేసే బయోప్లాస్టిక్‌కు చిన్న నమూనా. ఒకటి మామూలుది, ఒకటి చెంచాడు పసుపు కలిపినది, ఇంకొకటి నీళ్లకు బదులు కరక్కాయ కషాయంతో చేసినది. మూడింటినీ డాబా మీద తీగకు కట్టాను. మా మేనల్లుడు డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నాడు. "పసుపు ఎండలో నిలవదు మామయ్యా, కావాలంటే చూడు" అన్నాడు. నాలుగో రోజుకే పసుపు పొర తెల్లబడింది. ఆలోచిస్తే మనకు తెలిసిందే కదా, పసుపు రాసిన బట్ట ఎండలో ఆరేస్తే మరక పోతుంది. కర్కుమిన్ తానే ఎండకు ముందు చచ్చిపోతుంది. చీకట్లో ఉండే వస్తువుకు పనికొస్తుందేమో గానీ, చేనుకి కాదు.

కరక్కాయ పొర మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. మిగతా రెండూ రెండు వారాలకు పెళుసెక్కి విరిగాయి, ఇది నెల దాటినా వంగింది. నీడలో తడిగుడ్డ పక్కన పెట్టిన ముక్కల్లో మామూలు దానికి బూజు పట్టింది, దీనికి చాలా ఆలస్యంగా పట్టింది. కరక్కాయలోని టానిన్లు పిండి గొలుసుల్ని పట్టి బిగిస్తాయి, బూజును ఆపుతాయి, ఎండనూ కొంత మింగుతాయి. కలంకారీ బట్టను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారని అందరికీ తెలుసు. నైలాన్ రాకముందు నూలు వలలను చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేది కూడా ఈ టానిన్ల కోసమే. ఇక మామూలు పొర పెళుసెక్కడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. నిన్నటి అన్నం మెతుకు గట్టిపడినట్టే పిండి గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. గ్లిజరిన్ అందుకే వేస్తాం.

అయితే ఒక జల్లు పడేసరికి మూడూ జావయ్యాయి! కాబట్టి దీన్ని చేలో పరుస్తామని ఎవరూ బయల్దేరకండి. అందుకే కంపెనీలు పిండిని పీబీఏటీ అనే మట్టిలో కుళ్లే ప్లాస్టిక్‌తో కలిపి షీటు చేస్తాయి.

ఇక్కడే నాకు జరిగిన మోసం అర్థమైంది. షీటు పంట కాలమంతా గట్టిగా ఉండాలి, తర్వాత మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తినేయాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 17033 ప్రకారం మట్టిలో 2 ఏళ్లలోపు 90 శాతం జీర్ణమవ్వాలి. ఇంకో రకం ఉంది, మామూలు పాలిథీన్‌లోనే కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహ లవణాలు కలిపి ఎండకు త్వరగా విరిగేలా చేస్తారు. పైన చెప్పిన కాపుదలకు సరిగ్గా తలకిందులు. అది ముక్కలవుతుంది, మట్టి మాత్రం తినదు. యూరప్‌లో 2021 జులై నుంచి అలాంటి సరుకు అమ్మకం నిషేధం. నా చేలో విరిగిన తీరు అచ్చం అలాగే ఉంది.

షీటు కొనేటప్పుడు "బయో" అన్న మాట వదిలేసి, ఏ పదార్థంతో చేశారు, మట్టిలో కుళ్లుతుందన్న పరీక్ష పత్రం ఏది, అని అడగండి. పత్రం చూపించకపోతే మామూలు మందపాటి షీటే నయం, పంటయ్యాక చుట్టి తీసేయొచ్చు.

పాలీహౌస్ ఉన్నవాళ్లకి ఒక మాట. పై కప్పు షీటులో ఎండను తట్టుకునే మందు ఉంటుంది. గంధకం ఎక్కువగా పిచికారీ చేస్తే ఆ మందు దెబ్బతిని షీటు ముందే పోతుంది. బూడిద తెగులుకు గంధకం కొట్టేవాళ్లు షీటు మీద పడకుండా చూసుకోండి.

ఈసారి మిరపకు వేరుశనగ పొట్టు, కంది కట్టె ముక్కలు పోగేశాను. అరెకరానికి సరిపోయేలా ఉంది. మిగతా ఎకరంలో కలుపు చేత్తోనే తీయిస్తాను. కరక్కాయ పొరల మీద తేనెమైనం పూసి రెండో విడత డాబా మీద కట్టాను, వానలకు ఏమవుతుందో వచ్చే వీడియోలో చూపిస్తాను.