పులికాట్ దారిలో రెక్కల అతిథులు

దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు అనే పెద్ద అభయారణ్యం ఉంది. 1926లో దానికి ఆ పేరు వచ్చింది. అక్కడ సాబీ నది వెంబడి ఒక రోడ్డు వెళ్తుంది. దేశదేశాలవారు ఆ రోడ్డున కార్లలో మెల్లగా వెళ్తూ, నీళ్లకు వచ్చే ఏనుగులను, జింకలను చూస్తారు. ఎక్కడపడితే అక్కడ కారు దిగకూడదు, జంతువులకు తిండి పెట్టకూడదు. అటువంటి దారి ఒకటి మన నెల్లూరు సీమలోనూ ఉంది. ఇక్కడ ఏనుగులు లేవు గాని, వేలాది పక్షులున్నాయి.

నీళ్ల మధ్య రోడ్డు

చెన్నై హైవే మీద సూళ్లూరుపేట దగ్గర తూర్పుకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు వస్తుంది. రాకెట్ కేంద్రానికి వెళ్లేందుకు పులికాట్ సరస్సులో కట్ట పోసి వేసిన రోడ్డు ఇది. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సులలో మన దేశంలో చిలికా తరువాత పెద్దది పులికాటే. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారినా పక్షులు మాత్రం దారి మరచిపోలేదు.

జనవరిలో ఒక ఉదయం మేము మూడు కుటుంబాలవారం పిల్లలతో కలిసి వెళ్లాం. అటకానితిప్ప దగ్గర వ్యాను ఆపి చూస్తే, దూరాన నీటి మీద తెల్లని గీత కనిపించింది. అవి వరుసగా నిలబడిన ఫ్లెమింగోలు. రాజహంసలని కూడా వీటిని పిలుస్తారు. తలకిందులుగా ముక్కు ముంచి, బురదనీటిని వడగట్టి మేస్తున్నాయి. ఒక్కసారి గుంపు లేచేసరికి రెక్కల గులాబిరంగు బయటపడింది. "వీటికి ఆ రంగు ఎలా వచ్చింది?" అని ఒక పాప అడిగింది. తినే తిండి నుంచే వస్తుంది. నాచులో, సన్నని రొయ్యజాతి జీవులలో ఉండే రంగు వాటి ఈకలకు చేరుతుంది. పసితనంలో అవి బూడిదరంగులోనే ఉంటాయి.

నేలపట్టు చెరువు

తిరుగుదారిలో దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు చూశాం. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. గూడబాతులు పులికాట్ దాకా పోయి చేపలు మింగి వస్తాయి. పిల్లలు తల్లి గొంతుసంచిలో తల దూర్చి తింటాయి. పక్షుల రెట్టలతో చెరువునీరు ఎరువునీరవుతుంది. ఆ నీరు పారిన పొలం బాగా పండుతుంది. అందుకే ఊరివారు వీటిని తమ చుట్టాలలా చూసుకుంటారు.

ఆలోచించవలసిన సంగతి

ఈ అందమంతా నీటి మీద ఆధారపడి ఉంది. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతుంటాయి. అప్పుడు రొయ్య, చేప పిల్లలు లోపలికి రాలేవు. రాయదొరువు దగ్గర ఈ పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మనం పక్షులను చూసే ఈ రోడ్డు కట్ట కూడా నీటి రాకపోకలకు కొంత అడ్డే. కట్టలోని తూముల గుండానే నీరు అటూ ఇటూ పోవాలి. నీరు తగ్గితే పక్షి ఎగిరిపోతుంది. వల తప్ప వేరే ఆధారం లేని కుటుంబం ఎక్కడికి పోతుంది? పక్షి మేలు, జాలరి మేలు వేరు కావు.

వెళ్లేవారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. తెల్లవారగానే బయలుదేరండి. దుర్భిణి దొరికితే వెంట తీసుకెళ్లండి. శ్రీహరికోట రోడ్డు మీద వాహనాల రద్దీ ఉంటుంది గనుక చిన్నపిల్లల చెయ్యి వదలకండి. హారను మోగించకండి, పక్షులు ఎగరాలని రాళ్లు విసరకండి, ప్లాస్టిక్ సంచులు నీళ్లపాలు చేయకండి. దారిలో జాలరులు కనబడితే ఈ ఏడు నీళ్లెలా ఉన్నాయని అడగండి. సరస్సు కష్టసుఖాలు వారికంటే బాగా చెప్పగలవారు లేరు. మన పిల్లలు పక్షులతోపాటు ఆ మాటలను కూడా వినాలి. ఈ నీటిని రేపు కాపాడవలసినవారు వారే కదా!