చేయి విరిగితే భయం లేదు... చేతులన్నీ రాలితేనే!

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉందా? చేపలు తిని వదిలేసిన మేత అడుగున చేరి నీరు పాడవుతోందా? అయితే ఓ చక్కని పనిమనిషి ఉంది. జీతం అడగదు. పగలు కనబడదు. దీపం ఆర్పగానే రాళ్ల సందుల్లోంచి చేతులు చాచి పని మొదలెడుతుంది. దాని పేరు బ్రిటిల్ స్టార్. మన పాఠ్యపుస్తకాల్లో పెళుసు నక్షత్రం అంటారే, అదే!

నక్షత్ర చేపకు ఇది దగ్గరి చుట్టం. మధ్యలో బిళ్లలాంటి శరీరం, చుట్టూ పాముల్లా మెలికలు తిరిగే అయిదు సన్నని చేతులు. ఎవరైనా పట్టుకుంటే చేయి విరిచి ఇచ్చేసి పారిపోతుంది. కొన్ని వారాల్లో, నెలల్లో మళ్లీ కొత్త చేయి మొలుస్తుంది. కాబట్టి ఒక్క చేయి విరిగిందని బెంగపడక్కర్లేదు. అయితే చేతుల కొసలు చితికిపోయినట్టై, ఒకదాని తర్వాత ఒకటి రాలిపోతుంటే మాత్రం... నీటిలో ఏదో తేడా వచ్చిందన్నమాటే.

తొందర వద్దు

తెచ్చిన రోజు హడావుడే దీని ప్రాణం మీదకు తెస్తుంది. ఉప్పు శాతం ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. సంచిలోని నీటితో సహా గిన్నెలోకి వంచి, మీ అక్వేరియం నీటిని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా గంటసేపైనా కలపండి. ఆ తర్వాతే లోపలికి వదలండి.

నీటి సాంద్రత 1.025 దగ్గర, వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి. మన ఎండాకాలంలో చిల్లర్ లేకుండా ఇది కష్టమే. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది కదా! అందుకే తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఇందుకు ఆర్.ఓ. నీరు మేలు. కరెంటు పోతే గాలి ఆడేందుకు బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

చేపలకు జబ్బు చేస్తే రాగి కలిసిన మందు ఈ తొట్టిలో వేయకండి. చేపకు అది మందు, దీనికి విషం. జబ్బుపడ్డ చేపను వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయండి.

మిగిలిన మేత చాలకపోతే వారానికి రెండుసార్లు రాత్రిపూట చిన్న రొయ్య ముక్క అందించండి. తినకుండా వదిలేస్తే తెల్లారే తీసేయండి.

పచ్చదానితో జాగ్రత్త!

ముదురాకుపచ్చ రంగుది చూడ్డానికి అందంగా ఉంటుంది. పెద్దదయ్యాక మాత్రం రాత్రిళ్లు చేతుల మీద లేచి, గొడుగులా నిలబడుతుంది. దాని కింద తలదాచుకోవచ్చని చేరిన చిన్న చేపను చేతులతో చుట్టేసి మింగేస్తుంది. చిన్న చేపలున్న ఇంట్లో ఇది వద్దే వద్దు.

అన్నట్టు, అందం కోసమని సజీవ పగడాల జోలికి పోకండి. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని అమ్మడం, కొనడం నేరం. పెళుసు నక్షత్రానికి పగడాలే కావాలని లేదు. దాక్కోవడానికి సందులుండేలా పేర్చిన కృత్రిమ రాళ్లు చాలు.

కొనేముందు దుకాణంలో ఒక్క నిమిషం నిలబడి చూడండి. చేతులు చురుగ్గా కదులుతున్నాయా? కొసలు గట్టిగా ఉన్నాయా? ఉంటేనే ఇంటికి తెచ్చుకోండి.