కుందేటి కొమ్ములు: గుట్ట మీద పీకొద్దు, గట్టు మీద పెంచుకుందాం

పోయిన వీడియోలో మా రాళ్లగట్టు మీద తంగేడు పొద కింద కనిపించిన ఆకుల్లేని మొక్క ఏంటని చాలామంది అడిగారు. కొందరు నల్లేరు అన్నారు, ఒకరిద్దరు జెముడు పిల్ల అన్నారు. రెండూ కాదు, అది కుందేటి కొమ్ములు. జానెడు ఎత్తు, బాగా పెరిగితే మూరెడు. అనంతపురం గుట్టల్లో రాళ్ల సందుల్లో, పొదల మొదళ్లలో పెరిగేది. డిప్లొమాలో మాకు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గొర్రెలు కాసే తాత చూపిస్తేనే తెలిసింది.

ముందు గుర్తుపట్టడం గురించి. ఇది పచ్చిగా తినే మొక్క కాబట్టి ఇక్కడ తేడా వస్తే ప్రమాదం. కొమ్మ కొస కొంచెం గిల్లి చూడండి. తెల్లటి పాలు కారితే అది జెముడు జాతి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, వెంటనే చేతులు కడుక్కోండి. కుందేటి కొమ్ములకు నీళ్లలాంటి రసమే వస్తుంది. అయితే పాలు రానంత మాత్రాన సరిపోదు. నల్లేరుకూ పాలు ఉండవు, అదీ నాలుగు పలకలే. కానీ నల్లేరుకు గణుపు గణుపుకూ నొక్కు ఉంటుంది, నులితీగలతో పాకుతుంది. కుందేటి కొమ్ముకు గణుపుల్లేవు, ముళ్లు లేవు, పాకదు. పలకల అంచున పళ్లలాంటి బుడిపెలు ఉంటాయి. లేత ఆకు ఆవగింజంత వచ్చి రాలిపోతుంది.

ఇక పువ్వు చూస్తే అనుమానమే ఉండదు. పైకి పోయేకొద్దీ సన్నబడే కొమ్మ మీద పూలు ఒక్కొక్కటిగా వస్తే కారలుమా అడ్సెండెన్స్. లావు కొమ్మ నెత్తిన బంతిలా గుత్తి పూస్తే అంబెల్లాటా. ఈ రెండోదాని పువ్వు కుళ్లిన మాంసం కంపు కొడుతుంది. ఈగల్ని పిలుచుకునే ఏర్పాటు అది, వాసనొచ్చిందని తెగులు అనుకోకండి. పూత తర్వాత జంట కాయలు వస్తాయి.

కారలుమా అంటే ఏదో లాటిన్ మాట అనుకునేవాడిని. అది మన తెలుగే! సామర్లకోటలో ఉండి మొక్కల మీద పనిచేసిన కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలైన తన కోరమాండల్ తీరం మొక్కల పుస్తకంలో దీని బొమ్మ వేయించి, ఇక్కడివాళ్లు ‘కారల్లం’ అంటారని రాశాడు. ఆ మాట నుంచే 1810లో రాబర్ట్ బ్రౌన్ ఈ జాతికి కారలుమా అని పేరు పెట్టాడు.

ఆ పేరే ఇప్పుడు దీని ప్రాణం మీదికి తెచ్చింది. కరువు రోజుల్లో కడుపు నింపుకోడానికి, ఆకలి చంపుకోడానికి తిన్న కొమ్మ ఇప్పుడు సన్నబడే మాత్రల్లోకి చేరింది. 2007లో బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు 50 మంది మీద 60 రోజులు చేసిన పరీక్ష ఫలితం అచ్చయింది. ఈ మొక్క సారం తీసుకున్నవాళ్లలో ఆకలి, నడుము కొలత తగ్గాయి. బరువులో మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో మాట డబ్బా మీద ఎవరూ వేయరు. పోయినేడు ఒక వ్యాపారి ఫోన్ చేసి వారానికి రెండు బస్తాల పచ్చికొమ్మ పంపమన్నాడు. మా గుట్టంతా ఊడ్చినా రెండు బస్తాలు కావన్నా, అని పెట్టేశాను. వేరుతో పీకితే ఆ గుబురు మళ్లీ రాదు. పైగా అటవీ భూమిలో అనుమతి లేకుండా తీయడం నేరం. వ్యాపారానికి సేకరించాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కూడా చూసుకోవాలి.

అందుకే మన గట్ల మీదే పెంచుకుందాం అంటున్నాను. తెలిసిన రైతు గట్టు నుంచో, నర్సరీ నుంచో నాలుగు కొమ్మలు తెచ్చుకుంటే చాలు. మొదలు కదలకుండా, కొమ్మ చీలిన చోట పదునైన కత్తితో కోయండి. పది కొమ్మల గుబురుకు ఒకటి, అంతకంటే వద్దు. కోసిన ముక్కను నీడలో 5 నుంచి 7 రోజులు ఆరబెట్టాలి. కోత మూతపడకుండా నాటితే కుళ్లుతుంది. వంకలో దొరికే గరుకు ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, జల్లించిన ఘనజీవామృతం గుప్పెడు. అంగుళం లోతు గుచ్చి, వారం దాకా నీళ్లు పోయొద్దు. ఆ తర్వాత కూడా మట్టి పూర్తిగా ఆరాకే.

మనకు అలవాటు కదా, 15 రోజులకోసారి ద్రవ జీవామృతం పోసేయడం. దీనికి అది వద్దు. పాలేకర్ గారు చెప్పే వాపస, అంటే వేరు దగ్గర గాలీ తేమా కలిసి ఉండటం, ఈ మొక్కను చూస్తే బాగా అర్థమవుతుంది. పగలు ఆకురంధ్రాల్లాంటి కొమ్మ రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకునే రకం ఇది. అందుకే మన ఎండను తట్టుకుంటుంది, నిలవ నీటిని మాత్రం తట్టుకోదు. మన జిల్లాలో పెద్ద వానలు సెప్టెంబర్, అక్టోబర్లలో కాబట్టి జూన్ తొలకరికే నాటి, అప్పటికి వేరు పట్టేలా చూసుకోవాలి. తంగేడు, బలుసు పొదల తూర్పు పక్కన, రాళ్ల సందులో నాటండి. నడినెత్తి ఎండ పొద కాసుకుంటుంది. పిండినల్లి కనిపిస్తే వేపనూనె, కుంకుడు రసం నీళ్లలో కలిపి దూదితో తుడిస్తే పోతుంది.

విత్తనం కావాలంటే కాయ పగలకముందే పల్చటి గుడ్డ కట్టాలి. గింజకు పట్టులాంటి కుచ్చు ఉంటుంది, పగిలిందంటే గాలికి ఎగిరిపోతుంది.

ఆదాయం గురించి. ఎకరాకు ఇన్ని లక్షలు అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇది శెనక్కాయ చేను తీసేసి వేసే పంట కాదు, గట్టు మీది పంట. రెండో ఏడు నుంచి కొంచెం కొంచెం కొమ్మ కోసుకోవచ్చు. పచ్చిమిరపకాయ, చింతపండు వేసి పచ్చడి చేస్తే వగరుగా, కాస్త చేదుగా బాగుంటుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే తినండి.

మీ గుట్టల్లో ఉంటే పీకకుండా ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. కొమ్మ పలకలు, గిల్లిన చోట రసం, పువ్వు, మూడూ కనిపించాలి. కొమ్మ కోసే పద్ధతి, ఆరబెట్టడం వీడియోలో చూపించాను. వేరు పట్టిన మొక్కలు మా దగ్గర తొలకరికి సిద్ధమవుతాయి. ఒక్కొక్కరికి మూడే ఇస్తాను.